మూడో పేజీ

రాత్రి 10 దాటింది. పొద్దున్నుంచీ ఒక పేటెంటు అప్పీలు రాస్తూ మూడో పేజీ దగ్గరే ఆగిపోయాను. పేటెంటు ఇవ్వమని తిరస్కరణ ఉత్తర్వు వచ్చాక మూడు నెలల్లో వేయాలి, ఇంకా 12 రోజులే ఉన్నాయి. 2021లో అప్పీలు బోర్డును ఎత్తేశాక ఇవి హైకోర్టుకే వెళ్తున్నాయి. హైదరాబాద్ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం కిందికి వస్తాయి కాబట్టి మాది మద్రాసు హైకోర్టుకు.

దరఖాస్తు కూకట్‌పల్లి అబ్బాయిది. వీడియోలో కదలిక తక్కువున్నప్పుడు ఫ్రేములు, అంటే వరసగా వచ్చే బొమ్మలు, తగ్గించి, కదలిక ఎక్కువైతే పెంచే పద్ధతి. ఇది ఉత్త అల్గారిథమ్, అంటే లెక్క తేల్చే వరస మాత్రమే అని పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) కింద కొట్టేశారు. ఆ సెక్షన్‌లో కంప్యూటర్ ప్రోగ్రామ్ పక్కన 'పర్ సే' అనే మాట ఉంది, అంటే ఉత్త ప్రోగ్రామ్ అయితేనే పనికిరాదు. అల్గారిథమ్ పక్కన ఆ మాట లేదు. నా టెన్షన్ అంతా అక్కడే. 2019లో ఫెరిద్ అలానీ కేసులో ఢిల్లీ హైకోర్టు సాంకేతిక ఫలితం ఉందా, అంటే యంత్రం పనిలో నిజంగా ఏమైనా మెరుగవుతుందా అని చూడమంది. ఆ ఫలితం జడ్జిగారి కళ్ళకు కట్టేలా రాయాలి.

ఉదయం మెట్రోలో పక్క సీటు పెద్దాయన ఫోన్‌లో టెస్ట్ మ్యాచ్ చూస్తున్నారు. బౌలర్ వెనక్కి నడిచి వెళ్తున్నంతసేపూ తెర మీద దాదాపు ఏమీ మారలేదు. అయినా ఫోన్ కుదించి పంపిన ఫ్రేములన్నిటినీ విప్పుతూనే ఉంది. "కాలిపోతోందమ్మా" అంటూ ఆయన చెయ్యి మార్చుకున్నారు.

ఆ అబ్బాయి ఆలోచనలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కదలికను కొలవడానికి కొత్తగా లెక్కలు వేయడు. వీడియోను కుదించినప్పుడే ఏ ముక్క ఎటు జరిగిందో ఫైల్లో ఉంటుంది, మోషన్ వెక్టర్లంటాం. వాటిని చదివి, బొమ్మను పూర్తిగా విప్పకముందే ఏ ఫ్రేము వదలాలో తేలుస్తాడు. అదీ వేరే ఫ్రేములకు ఆధారం కానివాటినే వదులుతాడు, లేదంటే బొమ్మ చెదిరిపోతుంది.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అక్కా, బ్యాటరీ ఎంత మిగులుతుందో మళ్ళీ కొలిచి పంపనా?" కొత్త కొలతలు స్పెసిఫికేషన్‌లోకి, అంటే దరఖాస్తులోని వివరణలోకి, ఎక్కించలేం తమ్ముడూ, మొదట దాఖలు చేసినదాంట్లో ఉన్నదే చూపించాలి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్ళు రాత్రుళ్ళు కూర్చున్న పని అది. నాకూ మాట రాలేదు.

ఇంటికొచ్చి, అన్నం తిని, అతని దరఖాస్తు మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఏడో బొమ్మ. ఫ్రేములు తగ్గినచోట ప్రాసెసర్ పని ఎలా పడిపోయిందో గీత గీసి పెట్టాడు. కింద పరికరం తక్కువ వేడెక్కుతుందని ఒకే ఒక్క వాక్యం. ఉత్తర్వులో దాని ప్రస్తావనే లేదు.

మూడో పేజీ మొత్తం తీసేసి ఆ గీతతో మొదలుపెట్టాను. 'ఏడో బొమ్మ చూడు' అని అతనికి మెసేజ్ పెట్టాను. ఇంకా చూసినట్టు లేడు.