పుస్తకం మార్జిన్‌లో మీరేం రాసుకున్నారు? తెలుగు ఆప్షనల్‌తో నా ప్రిపరేషన్

సివిల్స్‌ మెయిన్స్‌కి తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా (అభ్యర్థి ఎంచుకునే సబ్జెక్టు, దానికి రెండు పేపర్లు) తీసుకున్నవాళ్ళు ఎవరు కలిసినా మొదట అడిగేది "ఏ పుస్తకాలు చదివారు?" అనే. ఆ ప్రశ్నకు అందరి జవాబూ ఒకటే. రెండో పేపర్‌కి ఏమేం చదవాలో యూపీఎస్సీ సిలబస్‌లోనే ఉంది. నన్నయ దుష్యంత చరిత్ర, తిక్కన శ్రీకృష్ణ రాయబారం దగ్గర్నుంచి శ్రీశ్రీ, జాషువా, ఆత్రేయ, రావిశాస్త్రి దాకా అన్నీ పేర్లతో సహా ఇచ్చారు. జనరల్ స్టడీస్‌దీ అదే కథ. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ హాస్టల్ గదిలోకి తొంగిచూసినా బల్ల మీద లక్ష్మీకాంత్ రాసిన పాలిటీ పుస్తకం, పక్కన ఎన్‌సీఈఆర్‌టీ స్కూలు పుస్తకాలు కనిపిస్తాయి. పుస్తకాలు అవే అయినప్పుడు మార్కుల్లో అంత తేడా ఎందుకుంటోంది? చదువుతున్నప్పుడు తనకేమనిపించిందో రాసి పెట్టుకున్నవాడికీ, ఇంకెవరికో అనిపించింది బట్టీ పట్టినవాడికీ ఉన్న తేడా అని నేననుకుంటాను.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. రెండో పేపర్ సిలబస్ మొదట్లోనే, పాఠ్యగ్రంథాలను అభ్యర్థి స్వయంగా చదివి ఉండాలి, అతని విమర్శనాశక్తిని పరీక్షిస్తాం అని స్పష్టంగా ఉంటుంది. ఆ వెంటనే రసం, ధ్వని, వక్రోక్తి, ఔచిత్యం అనే కావ్యశాస్త్రపు కొలతలనీ, సామాజిక, చారిత్రక, మనస్తత్వ దృక్పథాలనీ ఏ కోణాల్లో చూడాలో కూడా చెప్తారు. చాలామంది ఆ రెండు ముక్కలూ దాటేసి నేరుగా పేర్ల జాబితా మీద పడతారు. తర్వాత జిరాక్స్ సెంటర్‌లో దొరికే సారాంశాల నోట్సుతో సరిపెట్టుకుంటారు. ఆప్షనల్ రెండు పేపర్లూ కలిపి 500 మార్కులు. మెయిన్స్ రాతపరీక్ష మొత్తం 1750. ఇంత వాటాను జిరాక్స్ కాగితాల చేతిలో పెట్టడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

రావిశాస్త్రి నవల 'అల్పజీవి' సంగతి చెప్తే నా పద్ధతేంటో తేలిగ్గా అర్థమవుతుంది. రెండో పేపర్‌లో ఉన్న వచన నవల అదొక్కటే. (పింగళి సూరన పద్యకావ్యం కళాపూర్ణోదయాన్ని కూడా నవలే అనేవాళ్ళున్నారు, ఆ గొడవ ఇక్కడొద్దు.) సుబ్బయ్య ఒట్టి భయస్తుడు. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, కాంట్రాక్టర్ గవరయ్య పేరు తల్చుకుంటే ముచ్చెమటలు. మొదటిసారి చదువుతున్నప్పుడు నాకు అతని మీద జాలి కలగలేదు, చిరాకొచ్చింది. 'నోరు తెరిచి ఒక్క మాట అనడేంటి వీడు?' అని మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాను. కొన్ని పేజీలు పోయాక 'మళ్ళీ మొదలెట్టాడు, అంతా లోపలే' అని ఇంకోటి. నవల సగానికొచ్చేసరికి మార్జిన్లన్నీ సుబ్బయ్యను తిట్టిన తిట్లే.

చైతన్య స్రవంతి శిల్పం (పాత్ర బుర్రలో పారే ఆలోచనల్ని పారినట్టే రాసే పద్ధతి) గురించి విమర్శకులు రాసింది ఆ తర్వాత చదివాను. అప్పుడు నా పెన్సిల్ రాతల్ని మళ్ళీ చూసుకుంటే, నాకు ఎక్కడెక్కడ చిరాకొచ్చిందో సరిగ్గా అక్కడక్కడే ఆ శిల్పం ముమ్మరంగా నడుస్తోంది. సుబ్బయ్య బయటికి చేసేది చాలా తక్కువ. లోపల తనతో తాను పెట్టుకునే మాటలు, ఊహించుకునే అవమానాలు, ఎవరూ అడగని ప్రశ్నలకు సిద్ధం చేసుకునే జవాబులు మాత్రం బోలెడు. రచయిత మనల్ని అతని బుర్రలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టేశాడు. నాకొచ్చిన చిరాకు ఆ గదిలో గాలాడకపోవడం వల్ల వచ్చింది.

సుబ్బయ్య పాత్రచిత్రణ మీద ప్రశ్న వస్తే గైడ్లన్నీ చెప్పే ముక్కలు ఇవి: ఆత్మన్యూనత, మధ్యతరగతి పిరికితనం, చైతన్య స్రవంతి, జేమ్స్ జాయిస్ ప్రభావం. ఇందులో తప్పేమీ లేదు. కానీ వందల జవాబుపత్రాల్లో అదే వరుస, అవే మాటలు. నేను మాక్ టెస్టులో జవాబు ఇలా మొదలుపెట్టాను: 'ఈ నవల పాఠకుడికి నాయకుడి మీద సానుభూతి కంటే ముందు అసహనం కలిగిస్తుంది. ఆ అసహనం శిల్పలోపం కాదు, శిల్పం పనిచేస్తోందనడానికి గుర్తు.' దాని వెనకే రెండు సన్నివేశాలు, ఆ తర్వాత మనస్తత్వ దృక్పథం. పేపర్ దిద్దిన మాస్టారు మొదటి వాక్యం కింద గీత గీసి పక్కన టిక్ పెట్టారు. కథ చెప్పిన పేరా పక్కన మాత్రం 'ఇది నాకు తెలుసు, నీకేమనిపించిందో చెప్పు' అని ఎర్ర సిరాతో రాశారు.

అలాంటి పెన్సిల్ రాతల్లోంచే ఇంకో మంచి జవాబు కూడా పుట్టింది. ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' (నాన్ గెజిటెడ్ ఆఫీసర్, అంటే చిన్న ప్రభుత్వోద్యోగి) నాటకం చదువుతూ 'ఇతనూ గుమాస్తానే, కానీ ఇతని మీద నాకు కోపం రావట్లేదే?' అని రాసుకున్నాను. ఎందుకు రావట్లేదని ఆలోచిస్తే, నాటకంలో గుమాస్తాను నలిపేది బయటి పరిస్థితి, చాలీచాలని జీతం, మీద పడిన సంసారం. అవన్నీ రంగస్థలం మీద మన కళ్ళకు కనిపిస్తాయి. సుబ్బయ్యను నలిపేది చాలావరకు అతని లోపలే ఉంది. ఇద్దరు గుమాస్తాలు, రెండు ప్రక్రియలు. తులనాత్మకంగా రాయమని అడగకపోయినా ఈ పోలికను ఏదో ఒక జవాబులో ఒకట్రెండు వాక్యాల్లో ఇరికించవచ్చు.

స్పందన అంటే 'నాకు బాగా నచ్చింది', 'కళ్ళు చెమర్చాయి' అని జవాబుపత్రంలో రాయడం కాదు. పరీక్షలో 250 మార్కులకు 180 నిమిషాలు. పది మార్కుల ప్రశ్నకు ఏడు నిమిషాలు దాటితే తర్వాతి దాంట్లో కోత పడుతుంది. అందులో మన కన్నీళ్ళకు చోటు లేదు. మార్జిన్‌లో ఎంత మొరటుగా రాసుకున్నా ఫర్వాలేదు గానీ, జవాబులోకి వచ్చేసరికి 'నేను' పోయి 'పాఠకుడు' రావాలి, 'చిరాకు' వెనక దానికి కారణమైన వాక్యమో సన్నివేశమో ఉండాలి. ఆధారం దొరకని స్పందనను నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

జాషువా 'గబ్బిలం' చదివినప్పుడు నా ప్రశ్న ఇది: 'ఇంత అన్యాయం జరిగినవాడు గబ్బిలంతో ఇంత మర్యాదగా ఎలా మాట్లాడుతున్నాడు?' కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. ఇక్కడ గుడి గడప తొక్కనివ్వని మనిషి, గుళ్ళోకి ఏ అడ్డూ లేకుండా ఎగిరిపోగల గబ్బిలంతో కాశీలోని శివుడికి తన మొర పంపుతాడు. ఆ మర్యాదలోనే ఎత్తిపొడుపంతా ఉందని రెండోసారి చదివితే తెలిసింది. ధ్వని (మాట వెనక దాగిన అర్థం) అనే శీర్షిక కింద రాయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు సిలబస్‌లో ఇంకోటి కనపడలేదు. గురజాడ 'దిద్దుబాటు'లో మంచం కింద దాక్కున్న కమలిని నవ్వుకు నేనూ పైకే నవ్వేశాను, లైబ్రరీలో పక్కతను ఉరిమి చూశాడు. 1910 నాటి కథ నన్ను ఇప్పుడు నవ్వించిందంటే, సంస్కరణను ఉపన్యాసంగా కాకుండా భార్యాభర్తల చిలిపి పందెంలా నడిపినందుకే అని రాసుకున్నాను. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' జనరల్ స్టడీస్ ఆధునిక చరిత్ర పక్కన పెట్టుకుని చదవండి. 1929 బాల్యవివాహ నిరోధక చట్టం నాటి ఆడవాళ్ళ మాటలు చరిత్ర పుస్తకంలో దొరకవు.

అన్నిటికీ స్పందన రాదు. సినారె 'కర్పూరవసంతరాయలు' చదివి 'ఏమీ అనిపించలేదు' అని రాశాను. రాజు కుమారగిరి రెడ్డి, నర్తకి లకుమల కథ తెలుసు, అయినా మనసు కదల్లేదు. అది పాడుకునే లయతో నడిచే గేయకావ్యం, నేనేమో న్యూస్ పేపర్ చదివినట్టు కళ్ళతో చదువుతున్నాను. రూమ్మేటు ఊరెళ్ళినప్పుడు గది తలుపేసుకుని పైకి చదివితే నడక పట్టుబడింది. మీకూ ఏదో ఒక పుస్తకం దగ్గర ఇలా అవుతుంది. 'ఏమీ అనిపించలేదు' కూడా రాసుకోండి, మళ్ళీ ఎక్కడికి తిరిగి రావాలో తెలుస్తుంది.

ప్రిపరేషన్‌లో ఉండగా పాపులర్ నవలలు చదవొచ్చా అని జూనియర్లు అడుగుతుంటారు, అదేదో నేరమన్నట్టు. తెలుగు ఆప్షనల్ వాళ్ళు ధైర్యంగా చదవొచ్చు. మొదటి పేపర్‌లో నవలా వికాసం ఉంది. అందరూ కందుకూరి 'రాజశేఖర చరిత్రము' దగ్గర మొదలుపెట్టి, 'మాలపల్లి', 'వేయిపడగలు', 'అసమర్థుని జీవయాత్ర', 'చివరకు మిగిలేది' మీదుగా వచ్చి, వారపత్రికల సీరియళ్ళ దగ్గరకు రాగానే 'పలాయనవాదం' అనే ఒక్క ముద్ర కొట్టి ముందుకెళ్ళిపోతారు. ఆ ముద్ర మీద నాకు అనుమానం కలిగించింది మా అమ్మ. యద్దనపూడి 'సెక్రటరీ' గురించి మాటల్లో వస్తే, నేను హీరో రాజశేఖరం కారూ బంగళా అని వెక్కిరించబోయాను. "కారు ఎవరు చూశారురా, జయంతి ఉద్యోగానికెళ్ళి, మనసుకు తోచింది మొహం మీదే చెప్పేది. మాకు అది కొత్త" అంది. నవల చదివిన లక్షల మందిలో ఆమె ఒకతి. మొదటి పేపర్ జవాబులో ఆ మాటను 'మధ్యతరగతి పాఠకురాలు తన ఆకాంక్షను వెతుక్కున్న చోటు' అని మార్చి రాశాను. పలాయనవాదం అన్న విమర్శనూ పక్కనే పెట్టాను. రెండూ ఉంటేనే అది చర్చ అవుతుంది.

యండమూరి 'తులసిదళం' హాస్టల్‌లో ఒకడు రాత్రంతా కూర్చుని ముగించి, తెల్లారి బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్ళడానికి జంకాడు. క్షుద్ర సాహిత్యం (చేతబడి, మంత్రాల చుట్టూ అల్లిన నవలలు) అంటూ ఒకప్పుడు జరిగిన వాదోపవాదాల గురించి రాయాల్సి వస్తే ఆ పుస్తకం పాఠకుడి మీద ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి కదా. అయితే ప్రిలిమ్స్‌కి రెండు నెలల ముందు మాత్రం ఈ నవలల జోలికి పోవద్దు. నిద్ర చెడుతుంది, టెన్షన్ ఎలాగూ ఉండనే ఉంటుంది.

ఇంజనీరింగ్ నుంచి వచ్చిన మిత్రులు 'సాహిత్యానికి సరే, పాలిటీకి స్పందనేంటి?' అంటారు. ఉంటుంది. అదెక్కువగా ఆశ్చర్యం రూపంలోనో అనుమానం రూపంలోనో వస్తుంది. లక్ష్మీకాంత్‌లో రిట్ల (హక్కుల్ని కాపాడటానికి కోర్టులిచ్చే ఆదేశాలు) అధ్యాయం చదువుతూ 'హైకోర్టు పరిధి సుప్రీంకోర్టు కంటే పెద్దదా? అదెలా?' అని మార్జిన్‌లో రాశాను. రాజ్యాంగం 32వ అధికరణ కింద సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుల కోసమే రిట్లు ఇస్తుంది. 226 కింద హైకోర్టు ప్రాథమిక హక్కులకే కాక ఇతర హక్కుల కోసం కూడా ఇవ్వగలదు. కానీ 32 స్వయంగా ఒక ప్రాథమిక హక్కు కాబట్టి సుప్రీంకోర్టు మామూలుగా కాదనలేదు, 226 హైకోర్టు విచక్షణకు సంబంధించింది. ఒకటి వెడల్పు, ఒకటి గట్టి. ఆశ్చర్యపోయి రాసుకున్న ఆ ఒక్క ప్రశ్న వల్ల ఆ రెండు పేజీలూ రివిజన్ అక్కర్లేకుండా నిలిచిపోయాయి. అదే అధ్యాయంలో పసుపు హైలైటర్‌తో గీసిన పేరాలు మాత్రం ప్రతిసారీ కొత్తగానే కనిపించేవి. హైలైటర్ మనకేమనిపించిందో చెప్పదు, ఇది ముఖ్యం అని మాత్రమే చెప్తుంది. ముఖ్యం కానిది ఏముంది ఆ పుస్తకంలో?

జాగ్రఫీలో గో చెంగ్ లియోంగ్ పుస్తకం నాకు కథల పుస్తకంలా నడిచింది. మధ్యధరా శీతోష్ణస్థితి దగ్గర 'చలికాలంలో వాన మా నెల్లూరు వైపూ పడుతుందిగా?' అని రాశాను. దానికి జవాబు వెతుక్కుంటే కారణాలు వేరని తేలింది. మధ్యధరా తీరానికి పీడన మేఖలలు (గాలి ఒత్తిడి పట్టీలు) చోటు మారడం వల్ల పశ్చిమ పవనాలు వానను తెస్తాయి. మన కోస్తాకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీద తేమ పోగుచేసుకుని వస్తాయి. సొంత ఊరు పేరు పక్కన రాసుకున్న ప్రశ్నను మర్చిపోవడం కష్టం.

పుస్తకం కుదరకపోతే వదిలేసే స్వేచ్ఛ కూడా ఇచ్చుకోండి. టాపర్లందరూ మెచ్చిన ఒక ఎకానమీ పుస్తకం నాకు ఎన్నిసార్లు పట్టుకున్నా మూడో అధ్యాయం దాటలేదు. మార్జిన్లలో ఒక్క ప్రశ్న లేదు, ఒక్క తిట్టు కూడా లేదు. దాన్ని స్నేహితుడికిచ్చేసి, ఎన్‌సీఈఆర్‌టీలూ ఎకనామిక్ సర్వేతో నడిపించుకున్నాను. అతనికి అది బ్రహ్మాండంగా పనికొచ్చింది. సాహిత్యంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు, పాఠ్యగ్రంథం ఎలా ఉన్నా చదవాల్సిందే.

మెయిన్స్ దగ్గరపడ్డాక ఈ పెన్సిల్ రాతలన్నిటినీ ఒక పాత నోటుబుక్కులోకి ఎక్కించండి. పుస్తకానికి రెండు పేజీలు చాలు. ఎడమవైపు మీ మాట ఉన్నదున్నట్టు, మొరటుతనంతో సహా. కుడివైపు దానికి ఆధారమైన సన్నివేశమో పద్యపాదమో, అది ఏ దృక్పథం కిందికి వస్తుందో. పద్యాలు తప్పుల్లేకుండా కంఠస్థం చేయడం ఎలాగూ తప్పదు, సందర్భసహిత వ్యాఖ్యలకు (ఇచ్చిన భాగం ఏ సందర్భంలోదో చెప్పి వివరించే ప్రశ్నలకు) అదే పెట్టుబడి. విమర్శ గ్రంథాలు మాత్రం మూలం చదివి మీ రెండు పేజీలూ నిండాకే తెరవండి. ముందే తెరిస్తే ఆ పెద్దల మాటలు చెవిలో మోగుతూ మీకేమనిపించిందో మీకే వినపడదు. ఇంకో చిన్న విషయం, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల మీద పెన్సిల్ పెట్టకండి. వాటికి చీటీలు వాడుకోండి.