గ్రీగ్ ఇంట్లో వినిపించిన ప్రతి మధ్యమం

నార్వేలోని బెర్గెన్ ఊరి మధ్యలో ట్రామ్ ఎక్కి హోప్ అనే స్టాప్‌లో దిగితే, ఆ దేశపు పేరున్న స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ ఇంటికి అక్కడి నుంచి నడిచే వెళ్లాలి. సన్నగా వాన పడుతోంది. బెర్గెన్‌లో అది మామూలే. నాతో మా అక్క ఉంది. తను చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంది, నాకు వినడం ఒక్కటే వచ్చు.

ట్రోల్‌హౌగెన్ అని పిలిచే ఈ ఇంటిని గ్రీగ్ దంపతులు 1885లో కట్టుకున్నారు. లోపల గోడలకు రంగు వెయ్యలేదు, అంతా చెక్కే. హాల్లో 1892 నాటి స్టైన్‌వే పియానో ఉంది, వాళ్ల పెళ్లి రజతోత్సవానికి వచ్చిన కానుక. ఇల్లు బాగుంది గానీ నా మనసు నిలిచింది కింద, నూర్డోస్ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న చెక్క గది దగ్గర. గ్రీగ్ పాటలు కట్టింది అందులోనే. ఒక పియానో, కిటికీ పక్కన బల్ల, ఒక సోఫా, అంతే. ఆయన ఎత్తు 152 సెంటీమీటర్లు. పియానో దగ్గర కూర్చుంటే ఎత్తు చాలక బీథోవెన్ సొనాటాల పుస్తకం వేసుకుని కూర్చునేవాడట. వెళ్లేటప్పుడు దొంగల కోసం ఒక చీటీ పెట్టేవాడు: ఈ స్వరాల కాగితాలు వదిలెయ్యండి, గ్రీగ్‌కి తప్ప ఇంకెవరికీ వీటితో పని లేదు అని. అది చదివి అక్క చాలాసేపు అద్దం దగ్గరే నిలబడింది.

పదిహేనేళ్ల వయసులో ఈయన్ని సంగీతం చదవడానికి జర్మనీలోని లైప్‌జిగ్ పంపమని తల్లిదండ్రుల్ని ఒప్పించింది ఉలె బుల్ అనే గొప్ప ఫిడేలు విద్వాంసుడు. అక్కడ చదువు అబ్బింది, జబ్బూ వచ్చింది. ఒక ఊపిరితిత్తి పాడైపోయింది. మిగతా జీవితమంతా ఆ ఆయాసంతోనే దేశదేశాలు తిరిగి కచేరీలు చేశాడు. అయితే ఆయన దారి మార్చింది మాత్రం కోపెన్‌హాగెన్‌లో కలిసిన రికార్డ్ నూర్‌డ్రోక్. నార్వే జాతీయగీతానికి బాణీ కట్టింది అతనే. నార్వే అప్పుడు స్వీడన్ రాజు కింద ఉంది. మన సంగీతం మన పల్లెల్లోనే ఉంది, జర్మనీలో కాదు అని అతను గ్రీగ్‌కి నూరిపోశాడు. 1866లో, ఇరవై మూడేళ్లకే పోయాడు. 1905లో నార్వే విడిగా నిలబడేదాకా బతికింది గ్రీగ్.

మధ్యాహ్నం కచేరీ ఇంటి పక్కనే ఉన్న హాల్లో. పైకప్పు మీద గడ్డి, వేదిక వెనక గోడంతా అద్దం. పియానో వాయించేవాళ్ల వెనకాల ఆ చెక్క గది, సరస్సు కనిపిస్తూ ఉంటాయి. మొదట, ఇబ్సెన్ రాసిన 'పీర్ గింట్' నాటకానికి గ్రీగ్ కట్టిన ప్రభాత సంగీతం. రెండు వరసలు వినగానే అక్క నా చెవిలో, "ఒరేయ్, ఇది మోహనం రా!" అంది. నిజమే, ఆ బాణీ మొదలు స రి గ ప ద స్వరాల్లోనే నడుస్తుంది. దీన్ని వింటే అందరికీ నార్వే కొండల మీద తెల్లవారడం గుర్తొస్తుంది గానీ, ఇబ్సెన్ నాటకంలో ఆ పొద్దు పొడిచేది మొరాకోలో. అదే నాటకంలోని కొండరాజు సభ సంగీతం గ్రీగ్‌కే నచ్చలేదు. అందులో పేడకంపు, అతి నార్వేతనం ఉన్నాయని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. నార్వే అనగానే లోకం వినేది మాత్రం ఆ రెండే. ఇది నాకు బాధగానే ఉంటుంది.

ఆయన అసలు దేశభక్తి ఆ తరవాత వాయించిన ఓపస్ 72లో, అంటే ఆయన రచనల్లో 72వ సంఖ్య ఉన్నదానిలో ఉంది. టెలెమార్క్ ప్రాంతపు ముసలి ఫిడేలు వాద్యకారుడు క్నూట్ డాలె, తను పోతే పాత నాట్యపు బాణీలు తనతోనే పోతాయని భయపడి 1888లో గ్రీగ్‌కి ఉత్తరం రాశాడు. పని జరిగింది 1901లో. ఫిడేలు తెలిసినవాడే రాయాలని గ్రీగ్ ఆ బాధ్యత యొహాన్ హాల్వోర్సెన్‌కి అప్పగించాడు. ముసలాయన వాయించాడు, హాల్వోర్సెన్ పదిహేడు బాణీలకు స్వరం రాశాడు, గ్రీగ్ వాటిని పియానోకి మలిచాడు. 1903లో అచ్చు వేసినప్పుడు హాల్వోర్సెన్ రాసిన ఫిడేలు స్వరాలు కూడా తెచ్చారు. మూలాన్ని దాచకుండా, మూలం పక్కనే తన పని పెట్టడం ఎంత పెద్ద మనసు!

ముందు రోజు ఊళ్లో హార్డాంగర్ ఫిడేలు, అంటే నార్వే జానపద ఫిడేలు విన్నాం. సితార్‌లో లాగే దానికీ అడుగున వేరే తీగలు ఉంటాయి. కమాను తగలకుండానే అవి పలుకుతాయి. ఆ మోతని గ్రీగ్ పియానోలో ఎలా తెస్తాడా అనుకున్నా. తేవడానికి ప్రయత్నించలేదు, మొరటుగా, గరుకుగా వదిలేశాడు. ఒకచోట మధ్యమం పైకి జరిగింది. అక్క నా చెయ్యి పట్టుకుని, "ప్రతి మధ్యమం" అంది. డి మేజర్ అనే పాశ్చాత్య స్వరవరసలో వచ్చే ఈ జి షార్ప్, అంటే ఆ ప్రతి మధ్యమమే, 1871లోనే తనకి పిచ్చెక్కించిందని గ్రీగ్ హాల్వోర్సెన్‌కి రాశాడు. ఎనిమిదోది పెళ్లి ఊరేగింపు పాట. కారి అనే అమ్మాయి తనని వదిలి వేరొకరిని చేసుకున్నప్పుడు మిల్లర్‌గుట్టెన్ అనే ఫిడేలు వాద్యకారుడు కట్టిన బాణీ. పెళ్లిపాటే, వింటే గుండె పట్టేస్తుంది.

గ్రీగ్ 1907లో పోయాడు, ఆయన భార్య నీనా 1935లో. ఇద్దరి అస్థికలూ సరస్సు వైపు తిరిగిన రాతి గోడలో ఉన్నాయి. అక్కడికి మెట్లు దిగాలి, వానలో జారతాయి.

ఎవరైనా వెళ్తుంటే నా మాటగా ఒకటి: వేసవిలో కచేరీ ఉన్న రోజు చూసుకోండి, వాయించే వాటిలో ఓపస్ 72 ఉంటే అసలు వదలకండి. వీలైతే అవే బాణీలు ముందు హార్డాంగర్ ఫిడేలు మీద వినండి.