కథ మారొచ్చు, కష్టం మాయం కాకూడదు

మా పాప ఐదో తరగతి. రాజకుమారుల కథలు, మాంత్రికుల కథలు ఏవి దొరికితే అవి చదివేస్తుంది. వాటి మీద వచ్చిన సినిమాలు, కార్టూన్లు కూడా వదలదు. దాంతోపాటు నేనూ చూస్తాను. ఒకే కథని రెండు మూడు రూపాల్లో చూసినప్పుడు నేను వెతికేది ఒకటే. పాత కథలో ఆ మనిషి పడ్డ కష్టం కొత్త కథలో ఉందా, ఎగిరిపోయిందా? పేర్లు మార్చుకోండి, ఊళ్ళు మార్చుకోండి, రాజుగారిని కలెక్టర్ గారిని చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కష్టాన్ని తీసేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

ఈ పట్టింపు మా మామ్మ నుంచి వచ్చింది. మాది కాశీబుగ్గ. మామ్మ జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళేది. జీడి అంటుకుంటే తోలు ఊడిపోతుందని చేతులకి బూడిద రాసుకునేది, అయినా వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. సాయంత్రం పప్పు ఇంటికి తెచ్చుకుని, చాట ముందు పెట్టుకుని పొట్టు తీస్తూ మాకు బాలనాగమ్మ కథ చెప్పేది. పొట్టు తీయడం అంత తొందరగా తెమిలే పని కాదు. పని అయ్యేదాకా కథా సాగేది.

కథ అందరికీ తెలిసిందే. మాయల ఫకీరు బాలనాగమ్మని కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన భర్త కార్యవర్ధిరాజు రాయైపోతాడు. పసివాడు బాలవర్ధిరాజు ఇంటి దగ్గర మిగిలిపోతాడు. పెళ్ళి చేసుకోమని ఫకీరు పీడిస్తుంటే, నోము పట్టాను, అది తీరేదాకా నన్ను ముట్టుకోకూడదు అంటుంది బాలనాగమ్మ. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని ఏళ్ళకేళ్ళు నెట్టుకొస్తుంది. చివరికి కొడుకు పెద్దవాడై, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిన ఫకీరు ప్రాణం తీస్తాడు.

చిలక దగ్గర మామ్మ చకచకా వెళ్ళిపోయేది. కాలు విరిచాడు, రెక్క విరిచాడు, మెడ విరిచాడు, ఫకీరు చచ్చాడు, అంతే. ఆగేది నోము దగ్గర. పొద్దుగూకేసరికి ఫకీరు వచ్చేవాడు. "ఏటి బాలనాగమ్మా, నీ నోము అయిపోనాదా?" అని గొంతు లావు చేసి అడిగేది మామ్మ. "నేదు బాబూ, ఇంకా ఉంది" అని సన్నటి గొంతుతో జవాబూ తనే చెప్పేది. మర్నాడు పొద్దుగూకేసరికి మళ్ళీ ఫకీరు, మళ్ళీ అదే ప్రశ్న. ప్రతిసారీ ఆ జవాబు చెప్పే ముందు కాస్త ఆగేది. ఈసారి ఏం చెప్తుందో అని మాకు టెన్షన్. తట్టుకోలేక "తర్వాతేటయింది మామ్మా" అంటే, "ఉండండర్రా గుంటల్లారా! ఆ యమ్మకి అన్నేళ్ళు పట్టింది, మీకు ఇప్పుడే కావాలేటి?" అని కసురుకునేది.

ఈమధ్య పాపకి శ్రీకాకుళంలో ఒక రంగుల బొమ్మల పుస్తకం కొన్నాను. అందులో ఫకీరు ఎత్తుకుపోయిన పేజీ తిప్పగానే "కొన్నేళ్ళు గడిచాయి. బాలవర్ధిరాజు పెద్దవాడయ్యాడు" అని ఉంది. నోము ఊసే లేదు. బొమ్మలు చాలా బావున్నాయి, చిలకకైతే రెండు నిండు పేజీలు ఇచ్చారు. కానీ ఆ పుస్తకం ప్రకారం బాలనాగమ్మ చేసిన పనల్లా కిటికీ దగ్గర కూర్చుని ఏడవడమే. మామ్మ చెప్పిన కథలో ఫకీరుని సగం ఓడించింది ఆవిడే. కొడుకు వచ్చేసరికి మిగిలింది చిలక మెడ విరవడమే. 1942లో జెమినీ వాళ్ళు సినిమా తీసినప్పుడు ఫకీరుని మాయల మరాఠీ చేశారు, గోవిందరాజుల సుబ్బారావు గారు ఆ వేషం వేశారు. ఆ మార్పుతో నాకు పేచీ లేదు. ఆ పుస్తకం చేసిన పని వేరు. మనిషిని ఉంచేసి ఆవిడ గడిపిన సాయంత్రాలన్నీ తీసిపారేసింది.

సముద్రకన్య కథకీ ఇదే గతి పట్టింది. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో రాసిన కథలో ఆ పిల్ల మనిషి కాళ్ళ కోసం నాలుక కోయించుకుంటుంది. వచ్చిన కాళ్ళతో వేసే ప్రతి అడుగూ పదునైన కత్తుల మీద వేసినట్టే ఉంటుంది. అలాగే నవ్వుతూ రాజకుమారుడి ముందు నాట్యం చేస్తుంది. అతను వేరే అమ్మాయిని పెళ్ళాడతాడు. అక్కలు తమ జుట్టు మంత్రగత్తెకిచ్చి కత్తి తెస్తారు, వాడిని పొడిచేస్తే నువ్వు బతుకుతావంటారు. ఈ పిల్ల కత్తిని సముద్రంలోకి విసిరేసి నురగైపోతుంది. ఆ తర్వాత ఆండర్సన్ ఆమెని గాలి కన్యల్లో చేర్చి, మూడు వందల ఏళ్ళు మంచి పనులు చేస్తే ఆత్మ దొరుకుతుందని ఒక ఊరట ఇచ్చాడు. నా ఉద్దేశంలో ఆ ఊరట కూడా అక్కర్లేదు. 1989 నాటి డిస్నీ కార్టూన్‌లో ఆమె గొంతు ఆమెకి తిరిగొస్తుంది, రాజకుమారుడూ దక్కుతాడు. పాటలు మా ఇంట్లో రోజూ మోగుతాయి, నాకూ ఇష్టమే. అయినా పాపకి పాత కథ కూడా చదివి వినిపించాను. కత్తుల మీద నడక దగ్గర తన పాదాలు దుప్పట్లోకి లాక్కుంది. మళ్ళీ చదవమని అడిగింది.

మా తమ్ముడు దీనికి ఒప్పుకోడు. "పాతదే గొప్పదంటే ఎలాగక్కా? పాతదెప్పుడూ ఒక్కటే ఉండదు కదా" అంటాడు. ఆ మాట నిజం. గ్రిమ్ సోదరులు 1812లో వేసిన పుస్తకంలో స్నోవైట్‌ని చంపించాలని చూసేది కన్నతల్లే. 1819 కూర్పుకి వాళ్ళే ఆమెని సవతి తల్లిని చేశారు. అల్లావుద్దీన్ కథైతే అరేబియన్ నైట్స్ పాత అరబిక్ ప్రతుల్లో లేదు. అలెప్పో నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే కుర్రవాడు 1709లో నోటితో చెప్తే, అరేబియన్ నైట్స్‌ని ఫ్రెంచిలోకి తెస్తున్న గాలండ్ విని, దాన్నీ ఫ్రెంచిలో రాశాడు.

అయితే నేను పాత కథ పక్షం కాదు. కష్టం ఎక్కడుంటే అటు ఉంటాను. దానికి మన పాతాళభైరవే సాక్ష్యం. 1951లో కె.వి.రెడ్డి గారు తీసిన ఆ సినిమాకి కాశీమజిలీ కథలు ఆధారం, అందులో అల్లావుద్దీన్ పోలికలూ కనిపిస్తాయి. గాలండ్ రాసిన అల్లావుద్దీన్ ఒక దర్జీ కొడుకు, పని తప్పించుకు తిరిగే కుర్రాడు. మాంత్రికుడు బాబాయినని నమ్మించి గుహలోకి దింపుతాడు, దీపం ఇవ్వలేదని మూసేసి పోతాడు. ఉంగరం రుద్దితే ఒక భూతం, దీపం రుద్దితే ఇంకో భూతం. అన్నం, బంగారం, మేడ, రాజకుమారి, అన్నీ వచ్చేస్తాయి. పాపం భయపడ్డాడు, ఏడ్చాడు, కానీ చాలావరకు అదృష్టం.

తోట రాముడు అలా కాదు. తోటమాలి కొడుకు, రాజుగారి కూతురి కోసం మాంత్రికుడి వెంట బయల్దేరాడు. "సాహసం సేయరా డింభకా, రాజకుమారి లభిస్తుంది" అంటూ ఎస్వీ రంగారావు గారు ఊరిస్తుంటే హాలంతా చప్పట్లు కొట్టి ఉంటారు. నాకు మాత్రం ప్రతిసారీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ మాట అంటున్నవాడు ఆ కుర్రాడి తలే భైరవికి బలి ఇవ్వబోతున్నాడు. సినిమాకి మాటలు రాసిన పింగళి గారు ఆశనీ దాని వెనకున్న కత్తినీ ఒకే మాటలో పెట్టారు. కోరిందల్లా ఇచ్చే పాతాళభైరవి బొమ్మ రాముడికి ఊరికే దొరకలేదు. బలిపీఠం దాకా నడిచి, తెలివితో మాంత్రికుడినే బలి ఇచ్చి తెచ్చుకున్నాడు. అల్లావుద్దీన్‌కి లేని కష్టాన్ని వీళ్ళు కొత్తగా కల్పించి పెట్టారు. అందుకే ఈ కథ ఆ కథ కన్నా బలమైనదని ఎవరితోనైనా వాదిస్తాను.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మార్పు మన విజయనగరంలోనే జరిగింది. గురజాడ వారి గేయం 'లవణరాజు కల'. స్కూల్లో కన్యక, పూర్ణమ్మ చదివిస్తారు, దీని దాకా చాలామంది రారు.

మూలకథ యోగవాసిష్ఠంలోది, అంటే వసిష్ఠుడు రాముడికి వేదాంతం చెప్పే పాత సంస్కృత గ్రంథంలోది. లవణుడనే రాజు కొలువులో ఉండగా ఐంద్రజాలికుడు వచ్చి నెమలి ఈకల కట్ట ఊపుతాడు. ఒక గుర్రం కనిపిస్తుంది. రాజు దాన్నే చూస్తూ కాసేపు బొమ్మలా ఉండిపోతాడు. ఆ కాసేపట్లోనే ఒక జీవితమంతా గడిచిపోతుంది. గుర్రం అడవిలోకి లాక్కుపోతుంది. ఆకలితో చచ్చిపోతుంటే చండాల పిల్ల ఒకతె అన్నం తీసుకెళ్తూ ఎదురవుతుంది, నన్ను పెళ్ళాడితే పెడతానంటుంది. పెళ్ళాడతాడు, పిల్లలు పుడతారు, కరువొస్తుంది. చిన్న కొడుకు ఆకలని ఏడిస్తే తన మాంసమైనా వాడికి తిండి అవుతుందని మంటలోకి దూకుతాడు. అక్కడ మెలకువ వస్తుంది. అంతటితో అయిపోదు. మర్నాడు రాజు వింధ్య అడవులకి వెళ్తే ఆ ఊరు నిజంగానే ఉంటుంది, పోయినవాళ్ళ కోసం ఏడుస్తున్న అత్తగారు కూడా ఉంటుంది. నేను చదివిన కథల్లో ఇంత భయపెట్టిన ఘట్టం తక్కువ.

అంత కష్టం ఉన్న కథని గురజాడ వారు తీసుకున్నారు. వాసిష్ఠంలో ఆ పిల్ల చేతి అన్నం తినడం రాజుకి పతనం. ఆకలికి కులం పోగొట్టుకున్నాడన్నది అక్కడ బాధ. గురజాడ వారి రాజు "మంచి చెడ్డలు మనుజులందున ఎంచి చూడగ రెండె కులములు" అంటాడు. మంచి అన్నది మాల అయితే తానూ మాలే అవుతానంటాడు. మూలంలో ఏది పోయిందని రాజు కుమిలిపోయాడో, ఇక్కడ దాన్ని తనంతట తనే వదులుకుంటున్నాడు. ఇది కష్టాన్ని తీసేయడం కాదు. దేన్ని కష్టం అంటున్నావని కథనే నిలదీయడం. మా తమ్ముడు కోరే మార్పు ఇలాంటిదైతే నేను అతని పక్షమే.

మా వైపు తప్పెటగుళ్ళు అనే జానపద కళ ఆడేవాళ్ళు రాముడి కథలు, కృష్ణుడి కథలు గంటల తరబడి ఆడతారు. లవణరాజు కల రాసిన ఛందస్సు ముత్యాల సరం, దాని నడక కాళ్ళకి అందే నడక, గుండెల మీది తప్పెటకి బాగా కుదురుతుంది. ఏదైనా బృందం లవణరాజు కథ ఎత్తుకుంటే, గుర్రం మాయలు ఎలా ఆడినా ఫర్వాలేదు, రాజూ ఆ పిల్లా మాట్లాడుకునే చోట మాత్రం తొందరపడొద్దని నేనే వెళ్ళి అడుగుతాను.