అందరూ జరద దగ్గే అన్నారు

మా మెట్‌పల్లి వైపు బీడీలు చేసే ఆడవాళ్లకు దగ్గొస్తే దాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టరు. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా జరద (బీడీలో నింపే పొగాకు) మీదికి వంగి కూర్చుంటే ఆ దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోకుండా ఎట్లా ఉంటుంది? మా అమ్మ దగ్గింది, అత్తమ్మ దగ్గింది. నేను దగ్గినా జరద దగ్గే అన్నారు. మేం చూపించుకునే డాక్టర్ కూడా ఆ మాటే అని సిరప్ రాశాడు. అది అయిపోతే ఇంకోటి రాశాడు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు జాకెట్ తడిసేది. అన్నం చూస్తే వెగటు. బరువు 38 కిలోలకు పడిపోయింది.

తెమడ పరీక్ష మాట ఎత్తింది మా వాడకట్టు ఆశా అక్క ఒక్కతే. "రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా చూపించుకోవాలె. జరదదో కాదో పరీక్షలనే తెలుస్తది" అని చిన్న డబ్బా చేతిలో పెట్టింది. పొద్దున లేవగానే లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ కావాలని, ఉమ్మి పనికిరాదని విడమరిచి చెప్పింది. ప్రభుత్వ దవాఖానలో టీబీ అని తేల్చారు. మామూలు మందులకు లొంగే రకమేనని కూడా ఆ పరీక్షలోనే తెలిసింది.

మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. ఫోన్‌లో చెప్తే కాసేపు మాట రాలేదు. "రావాల్నా?" అన్నాడు. వీసాకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు, వద్దన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బీడీలు అప్పజెప్పకపోతే కార్ఖానాలో పేరు తీసేస్తారేమో, పీఎఫ్ ఆగిపోతుందేమో, బిడ్డ ఫీజు ఎట్లా కట్టాలో అని ఒకటే టెన్షన్.

అత్తమ్మ నా పళ్లెం, గ్లాసు వేరు పెట్టింది. ఆమెది భయమే, కోపం కాదు. ఆశా అక్క వచ్చి, టీబీ పళ్లేలతో అంటదని, దగ్గినప్పుడు గాలిలో పోతుందని, కిటికీలు తెరిచి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలా వరకు కాపాడుకోవచ్చని చెప్పింది. సరిగ్గా మందులు మింగితే కొన్ని వారాల్లోనే ఇంకొకరికి అంటించే గుణం బాగా తగ్గుతుందట. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఎవరికీ లేదు. బిడ్డకు ముందుజాగ్రత్తగా మందులిచ్చారు. ఆ తర్వాత అత్తమ్మ నా పళ్లెం మళ్లీ అందరి పళ్లేలతో కలిపేసింది. తన 2,016 రూపాయల బీడీ పింఛనులోంచి నాకు గుడ్లు కొనుక్కొచ్చేది.

చికిత్స 6 నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు ఒకే గోళీలో ఉంటాయి. నా బరువుకు రోజుకు మూడు గోళీలు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకుంటే రక్తమనుకుని హడలిపోయేదాన్ని. కీళ్ల నొప్పులు, కడుపులో తిప్పుడు ఉండేవి. కొన్నాళ్లకు జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. చాలామంది మందులు ఆపేసేది అప్పుడే. అప్పుడు ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, ఇంకా కష్టమైన చికిత్స మీద పడుతుంది. పౌష్టికాహారానికి కేంద్రం ఇచ్చే సాయం 2018లో నెలకు 500తో మొదలై, 2024 నవంబరు నుంచి 1,000 అయింది. అది నా ఖాతాలో పడింది.

కానీ ఇల్లు నడిపింది మా వాడకట్టు ఆడవాళ్లు. ఎవరూ మీటింగు పెట్టలేదు. పక్కింటి వదిన ఒకరోజు నా తునికాకు, జరద తీసుకుపోయి బీడీలు చేసి, నా బుక్కు మీద అప్పజెప్పి వచ్చింది. మరునాడు ఇంకొకరు. తర్వాత తలా రెండు కట్టలు, కట్టకు 25 బీడీల లెక్కన, తమ వంతు అయ్యాక నాకోసం చేసేవాళ్లు. వాళ్లలో ఒకామెకు మెడనొప్పి, ఇంకొకామె భర్త పోయి ఏడాది కాలేదు. రాత్రి బల్బు కింద వేళ్లు నొప్పులు పుట్టంగ దారం చుట్టేవాళ్లు. "నువ్వు చెయ్యవా మాకైతే?" అని నా నోరు మూయించేవాళ్లు. నన్ను గట్టి మనిషివి అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. నేను మంచంలో ఉన్నాను, గట్టిగా నిలబడ్డది వాళ్లు. ఆడవాళ్ల ఓర్పు గొప్పదని ఊరకే పొగిడితే కోపం కూడా వస్తుంది. ఆ ఓర్పు చూసే కదా మా దగ్గును ఎవరూ పట్టించుకోనిది.

చివరి పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. దుమ్ముకు దూరంగా ఉండమన్నారు డాక్టరమ్మ. పూర్తిగా మానేస్తే ఇల్లు గడవదు కాబట్టి సగం బీడీలే చేస్తున్నాను, మిగతా పొద్దు కుట్టు మిషన్ మీద జాకెట్లు కుడుతున్నాను. నేను అడిగేది ఒకటే. మేమంతా కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి ఎట్లాగూ పోతాం. ఆర్నెల్లకోసారైనా అక్కడే తెమడ డబ్బాలు పంచి పరీక్ష చేయించండి. దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుందని ఆగిపోయే ఆడవాళ్లు మా వాడలోనే ఉన్నారు.