మిల్‌విల్‌లో బావగారి తాత

మా కోడలిది న్యూజెర్సీ, అక్కడి అమెరికన్ కుటుంబం. వియ్యంకుణ్ని నేను 'బావగారూ' అంటాను. అర్థం చెప్పాక ఆయన కూడా నన్ను 'బావ్‌గారూ' అనడం మొదలుపెట్టాడు. పోయినసారి నేను వెళ్లినప్పుడు మనవణ్ని స్కూల్లో వంశవృక్షం వేసుకురమ్మన్నారు. మా వైపు పది నిమిషాల్లో అయిపోయింది. తద్దినాల్లో చెప్పుకునే పేర్లే కదా. తల్లివైపు వచ్చేసరికి చిక్కొచ్చిపడింది. బావగారి తాత మిల్‌విల్ అనే ఊళ్లో గాజు సీసాలు ఊదేవాడట. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఇంట్లో మిగిలింది పాత బైబిల్ ఒక్కటే. అందులో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిపెట్టారు. తాత పుట్టింది 1889 మార్చిలో. ఆ తర్వాత సెన్సస్ కాగితాలు పట్టుకున్నాం. అక్కడ జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్లు దాటితే ఎవరైనా చూడొచ్చు. 1950వి 2022లో బయటపెట్టారు. ఇంటింటి మనుషులు, వయసులు, చేసే పని, అన్నీ గుమాస్తా చేతిరాతలో ఉంటాయి. ముప్పై మూడేళ్లు రెవెన్యూలో అడంగళ్లు తిరగేసినవాణ్ని, నాకు ప్రాణం లేచొచ్చింది.

1900 కాగితంలో తాత దొరికాడు. పుట్టింది మార్చే, ఏడాది మాత్రం 1887. పని, గాజు ఫ్యాక్టరీలో కూలి.

"గుమాస్తా పొరపాటు రాసుంటాడు" అన్నాడు బావగారు. నాకు నవ్వొచ్చింది. మా తరంలో సగం మందిమి జూలై 1న పుట్టినవాళ్లమే. బళ్లో వేసేనాటికి ఏళ్లు నిండాలని పంతులుగారు పెట్టిన తేదీ అది. పదకొండేళ్ల పిల్లాణ్ని పదమూడని ఎందుకు రాయిస్తారో నాకు ఒకరు చెప్పాలా? పనిలో పెట్టడానికే అయ్యుంటుంది అన్నాను. రుజువేమీ లేదు, నా అనుమానం అంతే. ఆయన మారుమాట్లాడలేదు.

నన్ను పట్టుకున్నది ఇంకో గడి. ఏడాదిలో ఎన్ని నెలలు పని లేదు అని అడిగిన గడిలో '2' అని ఉంది. పక్క సర్వే నంబర్లు కూడా చూడటం నాకు అలవాటు కదా, పైకీ కిందకీ చూశాను. గాజు పనివాళ్లలో చాలామందికి అదే రెండు. 1910 కాగితంలో నెలలకు బదులు వారాలు అడిగారు. అక్కడ ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. అందరికీ ఒకేసారి జబ్బు చేయదు. సమ్మె అయితే రెండుసార్లూ అంతే ఎలా వస్తుంది?

అక్టోబర్‌లో ఒక శనివారం ముగ్గురం కారులో బయల్దేరాం. 55వ నంబరు రోడ్డు దక్షిణానికి వెళ్లేకొద్దీ రెండు పక్కలా పైన్ చెట్లు, వాటి కింద తెల్లటి ఇసుక. ఒక్కసారి చిల్లకూరు గుర్తొచ్చింది. గూడూరు పక్కన ఆర్.ఐ.గా ఉన్నప్పుడు సిలికా ఇసుక లీజుల ఫైళ్లతో తల బొప్పికట్టేది. ఇక్కడా కథంతా ఇసుకదే. దానికి తోడు కొలిమికి అడవి కట్టె, సరుకు దాటించడానికి నది. దగ్గర్లోని సేలం కౌంటీలో కాస్పర్ విస్టార్ 1739లోనే గాజు పని మొదలుపెట్టాడు. మిల్‌విల్‌లో మొదటి ఫ్యాక్టరీ 1806లో వచ్చింది.

ఊళ్లో వీటన్ ఆర్ట్స్ అనే చోట గాజు మ్యూజియం ఉంది. దాని పక్కనే 1888 నాటి ఫ్యాక్టరీ నమూనాలో కట్టిన షెడ్డులో ఇప్పటికీ ఊది చూపిస్తారు. ఒకతను ఇనుప గొట్టం కొలిమిలో ముంచి తిప్పాడు. చివర తేనెముద్దలా ఎర్రటి గాజు. దాన్ని ఇనుప బల్లమీద దొర్లించి, ఊది, మళ్లీ కొలిమిలో పెట్టి, మళ్లీ ఊది... గొట్టం తిప్పడం మాత్రం ఒక్క క్షణం ఆపలేదు. ఆపితే ముద్ద జారిపోతుంది. మూడో వరసలో కూర్చున్న మాకే సెగ తగులుతోంది. బావగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అయ్యాక అక్కడున్న పెద్దాయన్ని నా గడి సంగతి అడిగాను. "జూలై, ఆగస్టు" అన్నాడు వెంటనే. ఆ ఎండల్లో కొలిమి ముందు మనిషి నిలవలేడు. అందుకని వేసవిలో కొలుములు ఆర్పేసేవాళ్లట. ఆ రెండు నెలలూ పని లేదు, కూలీ లేదు.

పిల్లలేం చేసేవాళ్లని మనవడు అడిగాడు. ఊదేవాడి కాళ్ల దగ్గర కూర్చుని అచ్చు మూసి తెరవడం, వేడి సీసాలను చల్లార్చే బట్టీకి మోయడం. వీళ్ల ఫొటోలు 1909 నవంబర్‌లో లూయిస్ హైన్ ఇదే ఊళ్లో తీశాడు. బాలకార్మికుల గురించి ఊరూరా తిరిగి ఫొటోలు తీసినాయన. పిల్లల ఎత్తు తన కోటు గుండీలతో గుట్టుగా కొలుచుకునేవాడట. బయట బెంచీమీద కూర్చుని అవి ఫోన్లో చూశాం. అప్పటికి తాతకి ఇరవై. అందులో ఉండడని తెలిసినా బావగారు ఒక్కో మొహం పెద్దది చేసి చూస్తూనే ఉన్నాడు.

1910లో తాత పని 'గాజు ఊదేవాడు' అని ఉంది. 1920కి ఊళ్లో పట్టాలమీద నడిచే ట్రాలీ బండికి కండక్టర్. మైకేల్ ఓవెన్స్ సీసాల యంత్రం 1903లోనే వచ్చేసింది. దాని దెబ్బకు ఊదేవాళ్లకు పని తగ్గుతూ వచ్చింది. కండక్టర్ సంగతి బావగారు ఇంట్లో ఎవరి నోటా వినలేదట. వాళ్ల నాన్న ఊదడం గురించే చెప్పేవాడట.

తిరుగుదారిలో మనవడు వెనక సీట్లో చార్టు పరుచుకున్నాడు. "1887 రాయనా, 1889 రాయనా?" అన్నాడు. బైబిల్‌ది రాయమన్నాడు వాళ్ల తాత. రెండూ రాయమన్నాను నేను. వాడు రాసుకుని, పైన నా గడి దగ్గరికి వెళ్లాడు.

"మరి మీరు నిజంగా జూలై 1నే పుట్టారా తాతా?"

కార్తీకమాసంలో, తుఫాను వెలిసిన మర్నాడని మా అమ్మ చెప్పేది. అది ఇంగ్లీషులో ఎలా రాయాలని వాడు బావగారిని అడుగుతున్నాడు.