తబలా సాధనల ముంజేతి కసరత్తు: జూన్ నుంచి దసరా దాకా

జూన్
మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని దెబ్బలని టక్‌టక్‌మనే యంత్రం) 80 మీద 'తిరకిట' అనే గబగబ దరువు సాఫీగనే వస్తుంది. 100 దాటిందంటే కుడి మోచేయి కింద, పైవైపు కండ రాయిలెక్క బిగుసుకుంటుంది. వేళ్లల్ల మాత్రం నొప్పి లేదు. వేళ్లను గట్టిగ ముడిచే, చాచే కండలు వేళ్లల్ల ఉండవు, ముంజేతిల ఉంటయి. వాటి టెండన్లే (కండను ఎముకకు కట్టే తాళ్లు) మణికట్టు మీదుగ వేళ్ల దాకా పోతయి. తబలాల కొట్టుడు ఎంతనో లేపుడూ అంతే. 'నా' అనే దెబ్బ పడ్డ వెంటనే చూపుడువేలు లేవకుంటే నాదం చచ్చిపోతుంది. ఆ లేపే కండలు మోచేయి బయటి బొడిపె దగ్గర మొదలైతయి, పట్టేసేది సరిగ్గ అక్కడే.

అమ్మ మాత్రం "దినాం జొన్నరొట్టెలు కొడ్తున్న, నాకు లేని నొప్పి నీకెట్లొచ్చెరా?" అంటది. పొయ్యి దగ్గర కూసోని ఆమె చెయ్యి చూసిన. దెబ్బ భుజం నుంచి వస్తుంది, మణికట్టు వదులుగ ఊగుతుంది. పిండి తిరిగేటప్పుడు వేళ్లు అసలు బిగుసుకోవు. అదే రోజు తబలా కింది చుట్టను సర్ది తబలాను ముందటికి కొద్దిగ వంచిన. మణికట్టు పైకి విరిచి కొట్టే బాధ తప్పింది.

ఆగస్టు
ఇక్కడొక ఫిజియోథెరపిస్ట్ చూపించినవి చేస్తున్న. సాధనకు ముందు సాగదీసుడు లేదు. గోరువెచ్చని నీళ్లల్ల చేతులు పెట్టి, పిడికిలి మూసి తెరిచి, 60 మీద తీన్‌తాల్ ఠేకా (పదహారు మాత్రల తాళానికి మూల దరువు) మెల్లగ వాయిస్త. సాగదీసుడంతా వాయించుడు అయిపోయినంకనే, కండ వేడి మీద ఉన్నప్పుడు:

చెయ్యి ముందటికి చాపి, అరచెయ్యి పైకి పెట్టి, రెండో చేత్తో వేళ్లను కిందికి, నా దిక్కు గుంజుత. లాగుడు ముంజేయి లోపలి వైపు తెలుస్తుంది. తర్వాత అరచెయ్యి కిందికి తిప్పి, మణికట్టు వాల్చి, చేతి వెనుక భాగాన్ని మెల్లగ వత్తుత. ఇది నాకు అసలైన మందు. పిడికిలి మూసి ఇదే చేస్తే లాగుడు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే వేళ్ల టెండన్లు కూడా సాగుతయి. ఒక్కోటి 20 సెకన్లు, రెండు చేతులకూ రెండేసి సార్లు. మోచేయి నిటారుగ ఉండాలె, వంగితే అసలు కండకు పట్టదు. గుంజినట్టు ఉండాలె గాని నొప్పి రావొద్దు.

చివరికి వేళ్లు చాచి, కొక్కెంలెక్క వంచి, నిండు పిడికిలి చేసి, మళ్లీ చాచుడు. తొందర లేకుండ.

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కినా, లేదంటే చిటికెనవేలు వైపు మొద్దుబారినా అది కండ సంగతి కాదు, నరం సంగతి. అప్పుడు వాయించుడు ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలె. షుగర్ ఉన్నోళ్లు మరీ జాగ్రత్త.

సెప్టెంబర్
వినాయకుని మండపంల భజన. డోలక్ అతను రాకపోయేసరికి తబలా మీదనే భారమంతా పడ్డది. కుడిచెయ్యి తట్టుకుంది. డగ్గా (ఎడమచేత్తో వాయించే పెద్ద జోడు) మీది ఎడమ మణికట్టు పట్టేసింది, 'ఘే' అనే బొంగురు నాదం గుంజేటప్పుడు బరువంతా దాని మీద వేస్తున్న కదా. పాటకూ పాటకూ నడుమ చెయ్యి కిందికి వదిలి దులిపితే కొంత నయం.

దసరా
'తిరకిట' 110 మీద నిలబడ్డది, ముంజేయి పట్టేయలేదు. ఉంగరపు వేలు మాత్రం మొండిదే. అరచెయ్యి బల్ల మీద పెట్టి, నడిమివేలు కిందికి మడిచి, ఉంగరపు వేలు లేపి చూడండి, లేవదు. చేతి వెనుక ఆ టెండన్లు ఒకదానికొకటి ముడిపడి ఉంటయి. దాన్ని వారంల 'విడదీస్తం' అనే వీడియోల జోలికి నేను పోను. దాన్ని స్యాహీ (తబలా మీది గుండ్రని నల్ల పూత) అంచు మీద తేలికగ ఆనించి, చూపుడువేలు ఒక్కటే ఆడించే పని 70 మీద నడుస్తుంది. 'ధిర్‌ధిర్' అనే అరచేతి దరువు ఇంకా ముట్టుకోలేదు.