లోము జబ్బు

జబ్బును మొదట పసిగట్టింది అమ్మే. కాకపోతే తలకిందులుగా. వీడియో కాల్‌లో నన్ను చూసి "ముఖం నిండుగా ఉంది నాన్నా, ఈమధ్య వేళకు వండుకు తింటున్నట్టున్నావు" అంది. తెనాలి నుంచి ఆక్లండ్ వచ్చి అప్పటికి ఏడాదిన్నర. పగలు కాలేజీ, రాత్రి సూపర్ మార్కెట్లో షిఫ్టు. ఇక వంట ఎక్కడ? పొద్దున లేస్తే కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి బూట్లు పట్టవు. నిలబడి చేసే పని కదా అని సర్దిచెప్పుకున్నాను. పది రోజుల్లో ఆరు కిలోలు పెరిగాను. మూత్రంలో నురగ, ఫ్లష్ కొట్టినా పోనంత.

డాక్టరమ్మ నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. మూత్రంలో స్ట్రిప్ ముంచి చూసి, అదే రోజు ఆసుపత్రికి పంపింది.

అక్కడ చెప్పిన పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీలోని జల్లెడ కన్నాలు పెద్దవైపోయి, రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. రోజుకు 0.15 గ్రాములు దాటకూడనిది నాకు 9 గ్రాములు పోతోంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ఆ ప్రొటీన్ తగ్గేసరికి ఒంటికి నీరు పట్టింది. ఆ లెక్క తేల్చడానికి 24 గంటల మూత్రం క్యానులో పట్టాలి. వార్డులో ఆ క్యాను మోసుకుని తిరగడమంత నామోషీ నా జన్మలో లేదు.

రాత్రి డ్యూటీ నర్సు టోంగా దేశస్థురాలు. నా ఫైలు చూసి, కంగారేమీ లేకుండా, "ఓ, లోము జబ్బా" అంది.

లోము ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన ఆట కబడ్డీ. ఆమెకు ఆశ్చర్యమేసింది, కొంచెం కోపం కూడా వచ్చిందేమో. జోనా లోము న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు. ఆక్లండ్‌లోనే పుట్టాడు, అమ్మానాన్నలది టోంగా. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, దాదాపు 120 కిలోలు, దానికి తోడు మెరుపులాంటి పరుగు. "ఈ జబ్బుతోనే ఆడాడు, పతకం తెచ్చాడు. నువ్వు పడుకో" అని లైటు తీసేసింది.

వీపులోంచి సూది దింపి కిడ్నీ ముక్క తీశారు. స్టాప్లర్ కొట్టినట్టు టక్‌మని చప్పుడు, తర్వాత ఆరు గంటలు కదలకుండా వెల్లకిలా. రిపోర్టు వచ్చేదాకా ఫోనే దిక్కు. లోము ఆడిన సెవెన్స్ రగ్బీ వీడియోలు వెతికాను. జట్టుకు ఏడుగురే, మన కబడ్డీలాగే. కానీ పదిహేను మంది ఆడే మైదానం మొత్తం ఆ ఏడుగురే కాయాలి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనక్కే ఇవ్వాలి. ఏడు నిమిషాలు, కాస్త విరామం, మళ్ళీ ఏడు నిమిషాలు. నా ఓపికకు సరిగ్గా సరిపోయిన ఆట.

అతను 1994 హాంకాంగ్ సెవెన్స్‌లోనే అందరి కళ్ళలో పడ్డాడు. 1995 ప్రపంచ కప్‌లో, అంటే పదిహేను మంది ఆటలో, ఇంగ్లండ్ మీద ఒక్క మ్యాచ్‌లో నాలుగు ట్రైలు చేశాడు, అంటే బంతిని నాలుగుసార్లు అవతలి గీత దాటించి నేలకు ఆనించాడు. ఆ ఏడాది చివర్లోనే జబ్బు బయటపడింది. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ బంగారం, 2001లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో సెవెన్స్ ప్రపంచ కప్. రెండూ జబ్బు తెలిశాక గెలిచినవే. అవి చూస్తుంటే నాకూ గుండె నిబ్బరపడింది.

నర్సు చెప్పని సగం తెల్లవారుజామున చదివాను. 2003లో డయాలసిస్. 2004లో ఒక రేడియో వ్యాఖ్యాత కిడ్నీ ఇచ్చాడు. 2011లో ఆ కిడ్నీ పాడైంది. 2015లో, నలభయ్యో ఏట, పోయాడు. ఫోన్ బోర్లా పెట్టేశాను.

మర్నాడు డాక్టర్‌తో అదే అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నెఫ్రోటిక్ అన్నది లక్షణాల పేరు, దాని కింద రకరకాల జబ్బులుంటాయట. నాది మినిమల్ చేంజ్ అనే రకం. మామూలు మైక్రోస్కోప్‌లో కిడ్నీ శుభ్రంగానే కనిపిస్తుంది, తేడా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కే దొరుకుతుంది. స్టెరాయిడ్లకు ఎక్కువ మందిలో లొంగుతుంది.

రోజూ పొద్దున్నే 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్. ఉప్పు తగ్గించాలి, అమ్మ పంపిన ఆవకాయ జాడీ రూమ్మేట్ల పాలైంది. వాళ్ళు నా ఎదురుగానే తిన్నారు, ఆ పాపం ఊరికే పోదు. స్టెరాయిడ్ ఆకలి మరో రకం: అన్నం తిని చేయి కడుక్కోగానే మళ్ళీ ఆకలి. రాత్రి రెండింటికే మెలకువ. ముఖం ఈసారి మందు వల్ల గుండ్రమైంది. ఊళ్ళో ఎవరో కొండపిండాకు రసం తాగమన్నారని నాన్న ఫోన్ చేశాడు. అది రాళ్ళకు నాన్నా, నాది వేరు అని చెప్పడానికి అరగంట పట్టింది.

మూడో వారంలో మూత్రం ధారాళంగా మొదలైంది. నాలుగు రోజుల్లో ఏడు కిలోలు దిగాను. మూత్రంలో ప్రొటీన్ ఉంటే ఆకుపచ్చగా మారే స్ట్రిప్ ఒకరోజు పసుపుగానే ఉండిపోయింది.

లోము పట్టుదలతో జబ్బును ఓడించాడని చాలామంది అంటారు. నాకు ఆ మాట గిట్టదు. 2003లో అతని పట్టుదల తగ్గిందా? నాకు మాత్రం ఏం పట్టుదల ఉంది, ఏడుస్తూ మాత్రలు మింగాను. నాకు పడిన చీటీ వేరు, అంతే.

మందు పూర్తిగా ఆపేసరికి ఏడు నెలలు. మధ్యలో ఒకసారి తిరగబెట్టింది, మళ్ళీ మొదటి నుంచి. ఆ వేసవిలో షాపు వాళ్ళు పార్కులో టచ్ రగ్బీ ఆడుతూ నన్నూ లాగారు. తాకితే చాలు, పడగొట్టక్కర్లేదు. మూడు నిమిషాలకే ఆయాసమొచ్చి గడ్డి మీద కూలబడ్డాను. సాక్సు కిందికి లాగి బొటనవేలితో నొక్కి చూసుకున్నాను. గుంట పడలేదు. బంతి ఇటే దొర్లుకుంటూ వచ్చింది, తీసి వెనక్కి విసిరాను.